ఎర్రమంచి స్టేజీ నుంచి సువాన్ దాకా

అక్టోబర్ 2, గురువారం

దసరా నాడు ఊరు దాటొద్దని మా ఆవిడ వారం రోజులుగా అంటూనే ఉంది. టికెట్లు తీసింది మా వాడు, దక్షిణ కొరియాలోని సువాన్‌లో ఉండే కొడుకు. తక్కువ ధరకు దొరికిన రోజు ఇదొక్కటే అన్నాడు. ఇక చేసేదేముంది! సాయంత్రం జమ్మిచెట్టుకు మొక్కి, ఆకులు నలుగురికీ పంచి, రాత్రి ఏడింటికి అనంతపురంలో కారెక్కాం.

సంచుల సంగతి చెప్పాలి. మాంసంతో చేసినవి తేవద్దు, పచ్చి ఆకులు, పండ్లు అసలే వద్దు అని మా వాడు ఫోన్లో పదిసార్లు చెప్పాడు. మా ఆవిడ ఇంట్లో ఉన్న కరివేపాకంతా ఎండబెట్టి పొడి కొట్టింది. రాగిపిండి మూడు కేజీలు, చెనిక్కాయల పొడి రెండు డబ్బాలు, గోంగూర ఊరగాయ ఒక సీసా. ఎనిమిది రోజులకు ఇంతెందుకు అంటే, "మనకు కాదు, మనం వచ్చేసినాక వాడికి" అంది.

బెంగళూరు ఎయిర్‌పోర్టుకు పోయే దారి నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్ పని చేశాను. అందులో ఎక్కువ కాలం అనంతపురం, హిందూపురం రూటే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ లైట్లు కనబడగానే మా ఆవిడతో అన్నాను, "మనం పోయేది వీళ్ల దేశానికే" అని.

ఫ్యాక్టరీ రాకముందు ఆ స్టేజీలో దిగేవాళ్లు తక్కువ. 2019లో కార్లు తయారై బయటికి రావడం మొదలయ్యాక, రోడ్డు పక్క బోర్డుల మీద తెలుగు, ఇంగ్లీషులతో పాటు గళ్లు గళ్లుగా ఉండే ఆ లిపి కూడా కనబడసాగింది. కొరియావాళ్లు కార్లలో తిరిగేవాళ్లే గానీ బస్సెక్కేవాళ్లు కాదు. ఒక్కసారి మాత్రం ఒక కుర్రాడు ఎక్కాడు. కారు చెడిపోయినట్టుంది. నూరు నోటు కుడిచేత్తో ఇస్తూ, ఎడమచేత్తో తన కుడి మోచేతిని పట్టుకున్నాడు. పాపం, చెయ్యి నొప్పేమో అనుకున్నాను. చిల్లర నేను మామూలుగానే, వెనక సీటాయనతో మాట్లాడుతూ, ఇతని మొహం కూడా చూడకుండా ఇచ్చాను. అతను రెండు చేతులూ చాపి తీసుకుని తల వంచాడు. నా సర్వీసులో చిల్లర కోసం కొట్లాడినవాళ్లు లెక్కలేనంతమంది. చిల్లరకు దండం పెట్టినవాడు ఆ ఒక్కడే.

అక్టోబర్ 3, శుక్రవారం

బ్యాంకాక్‌లో విమానం మారాం. అక్కడ చూసిందేమీ లేదు, కాళ్లు చాపుకోను చోటు వెతుక్కోవడం తప్ప.

ఇంచియాన్ ఎయిర్‌పోర్టులో దిగేసరికి అక్కడ సాయంత్రం. గడియారం మూడున్నర గంటలు ముందుకు తిప్పుకున్నాం. మా వాడు బయట నిలబడి ఉన్నాడు, కొంచెం చిక్కాడు. సువాన్‌కు లిమోజిన్‌లో పోదాం అన్నాడు. లిమోజిన్ అంటే సినిమాల్లో కనబడే పొడుగు కారు అనుకుని, ఎందుకురా దుబారా అన్నాను. తీరా చూస్తే బస్సు. ఎయిర్‌పోర్టు బస్సుకు వాళ్లు పెట్టుకున్న పేరు అది.

డ్రైవరే దిగి మా పెట్టెలు కింద డిక్కీలో పెట్టి, పెట్టెకొక చీటీ కట్టి, సగం చింపి నా చేతికిచ్చాడు. లగేజీ టికెట్ కొట్టలేదు. బస్సులో కండక్టర్ లేడు. లేడని ముందే తెలుసు, అయినా ఎక్కగానే నా కళ్లు ముందు తలుపు దగ్గర నిలబడే మనిషి కోసం వెతికాయి. సీటు బెల్టు పెట్టుకోమని డ్రైవర్ మైకులో చెప్పాడు. అందరూ పెట్టుకున్నారు. మన దగ్గర బస్సులో బెల్టు పెట్టుకోమంటే, డ్రైవర్‌కే సరిగ్గా రాదేమో అనుకుని ముందు స్టేజీలో దిగిపోతారు.

రోడ్డు నిండా కార్లు. చూసొక్ పండగ మూడు రోజుల్లో ఉందట. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు సియోల్ ఖాళీ అవుతుందని మా వాడు చెప్పాడు. బస్సు పావుగంట కదలలేదు. ఒక్కరంటే ఒక్కరు, "ఏం డ్రైవరన్నా, ఎంతసేపు?" అనలేదు. పక్కవాళ్లతో మాట్లాడలేదు. కిటికీలోంచి తల పెట్టి ముందుకు చూడలేదు. అసలు కిటికీ తెరుచుకోదు.

ఆ నిశ్శబ్దంలో నా ఫోను మోగింది. రింగ్‌టోన్ వెంకటేశ్వర సుప్రభాతం. చేసింది తాడిపత్రి నుంచి మా బామ్మర్ది. "బావా! చేరినారా? యాడుండారు?" అని వాడు అరిచిన అరుపు స్పీకర్ పెట్టకుండానే బస్సంతా వినబడింది. నేనూ అదే స్థాయిలో జవాబు చెప్పాను, అలవాటు. ముప్పై ఏళ్లు ఇంజన్ శబ్దం మీద గొంతు లేపి బతికిన మనిషిని. ముందు సీటు అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, వెంటనే అటు తిరిగింది. కోపంగా చూడలేదు. అదే ఇబ్బందిగా ఉంది. "నాయనా, నెమ్మదిగా" అన్నాడు మా వాడు. వాడు పుట్టినప్పటినుంచి నేను వాడికి చెప్పిన మాట అది.

అక్టోబర్ 4, శనివారం

మా వాడుండేది విల్లాలో. ఇది ఇంకో మోసం. ఇక్కడ విల్లా అంటే నాలుగంతస్తుల చిన్న అపార్ట్‌మెంటు. గడపలోనే చెప్పులు విప్పేందుకు పల్లంగా చోటు వదిలారు. చెప్పులు బయట విడిచే అలవాటు మనకూ ఉంది కాబట్టి దాన్లో వింతేమీ లేదు. వింతల్లా బాత్రూముకు వేరే చెప్పులు. మా ఆవిడ ఆ చెప్పులతో వంటింట్లోకి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ వాడు గుడ్లురిమాడు.

చలి పెద్దగా లేకపోయినా మాకు చూపించాలని వాడు కాసేపు నేల వేడి చేశాడు. నేల కింద గొట్టాల్లో వేన్నీళ్లు పారతాయి. పూర్వం వంటింటి పొయ్యి పొగనే నేల కిందుగా పంపేవాళ్లట. మా ఆవిడ మోకాళ్ల నొప్పి మనిషి. బండ మీద చాప కూడా వేసుకోకుండా పడుకుని, మధ్యాహ్నం దాకా లేవలేదు.

లేచాక చెత్త పంచాయితీ మొదలైంది. ఈ దేశంలో చెత్త వేయాలంటే సంచి కొనాలి. మామూలు సంచి కాదు, ఆ ఊరి మున్సిపాలిటీ అచ్చు వేసిన సంచి. సువాన్ సంచి సియోల్‌లో చెల్లదు. 1995 నుంచి దేశమంతా ఇదే పద్ధతి. చెత్త పన్నంతా ఆ సంచి ధరలోనే ఉంటుంది, ఎంత పారేస్తే అంత కట్టాలి. తిండి చెత్తకు ఇంకో సంచి. మా వాడు ఫ్రిజ్ మీద చీటీ అంటించాడు: అన్నం, కూర, అరటితొక్క తిండి సంచిలో. ఎముకలు, గుడ్డు పెంకులు, ఉల్లిపొట్టు, టీ పిప్పి మామూలు సంచిలో.

నేను ఆ చీటీని మూడుసార్లు చదివాను. ఉల్లిపాయ తినేది కాదా, దాని పొట్టు తిండి చెత్త ఎందుకు కాదు? ఏదో చాదస్తం అనుకున్నాను. మా ఆవిడ చీటీ చూడనేలేదు, వాడు చదువుతుంటే విని, "కుడితి తొట్టి!" అంది. "ఎనుము తినేది ఇందులో, తిననిది అందులో. ఇదేం పెద్ద చదువు?" అంది. సరిగ్గా అంతే. తిండి చెత్తను పశువుల దాణాగానో ఎరువుగానో మారుస్తారు కాబట్టి, జంతువు తినగలదా లేదా అన్నదే లెక్కట. ఆ తర్వాత వాడికి అనుమానం వచ్చినప్పుడల్లా అమ్మను అడిగాడు. పుట్టింట్లో రెండు ఎనుములున్న మనిషి అనుభవం సువాన్‌లో పనికొచ్చింది.

సాయంత్రం హోటల్‌కు పోయాం. మా ఆవిడకు శనివారం నీసు పనికిరాదు. కిమ్చీ అనే వాళ్ల ఊరగాయ కూరగాయే కదా అని చెయ్యి పెట్టబోతే వాడు ఆపాడు, అందులో చేపల రసమో ఎండు రొయ్యలో కలుపుతారట. ఆమె అన్నం, నువ్వుల నూనె, మొలకల కూరతో సరిపెట్టుకుంది. పక్క టేబుల్ దగ్గర ఒకమ్మాయి పెనం మీద మాంసాన్ని కత్తెరతో ముక్కలు చేస్తోంది. కత్తెరతో! మా ఆవిడ చాలాసేపు అటే చూసి, "ఆ పక్క దర్జీ షాపు ఉందేమో" అంది. ఆ ఆశ్చర్యంలో తినడానికిచ్చిన పుల్లలు ఎక్కడ పెట్టాలో తెలియక అన్నంలో నిలువుగా గుచ్చింది. మా వాడు ఉలిక్కిపడి తీసి పక్కన పెట్టాడు. చనిపోయినవాళ్లకు పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారట. మన దగ్గర విస్తరి తిప్పి వేస్తే ముసలమ్మలు అదిరిపడరూ, అలాంటిది.

అక్టోబర్ 5, ఆదివారం

రైల్లో సియోల్ పోయాం. గంట ప్రయాణం. పెట్టె చివర్లలో పెద్దవాళ్ల సీట్లు ఖాళీగా ఉన్నాయి. కుర్రాళ్లు నిలబడి ఉన్నారు గానీ వాటిలో కూర్చోలేదు. గులాబీ రంగు సీటొకటి గర్భిణులకట, అదీ ఖాళీయే. మన బస్సుల్లో "స్త్రీలకు" అని రాసిన సీట్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న మగమనుషులను లేపడానికి నేను పడిన పాట్లు గుర్తొచ్చాయి. కొందరు నిద్ర నటించేవాళ్లు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశాక ఆ గొడవ ఏ మలుపు తిరిగిందో నేటి కండక్టర్లే చెప్పాలి. ఇక్కడ 65 ఏళ్లు నిండిన వాళ్లకు మెట్రో ఉచితం, మాలా చూడ్డానికి వచ్చినవాళ్లకు కాదు. నాకు కార్డు గీకక తప్పలేదు.

గ్యొంగ్‌బొక్ ప్యాలెస్ 1395లో కట్టింది. పండగ సెలవుల్లో టికెట్ లేదు కాబట్టి తిరునాళ్లలా జనం. మామూలు రోజుల్లో కూడా వాళ్ల సంప్రదాయ దుస్తులు కట్టుకుని వస్తే ఉచితంగా వదులుతారట. అద్దె బట్టల్లో దేశదేశాల ఆడపిల్లలు ఫొటోలు దిగుతున్నారు. మా ఆవిడ ధర్మవరం చీర చూసి ఇద్దరు పిల్లలు వచ్చి పక్కన నిలబడి ఫొటో తీసుకున్నారు. ప్యాలెస్ గురించి ఆమెకు గుర్తున్నది అదే, నాకు గుర్తున్నది కాళ్ల నొప్పి.

అసలు విశేషం ఆ తర్వాత కాఫీ షాపులో. ఒక కుర్రాడు లోపలికొచ్చి, ఖాళీ టేబుల్ మీద తన ఫోను పెట్టి, లైన్లో నిలబడేందుకు పోయాడు. చవకది కాదు, కొత్త ఫోను. టేబుల్‌కూ లైనుకూ ముప్పై అడుగులు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నాకు అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు. అతను వచ్చేదాకా ఆ ఫోనుకు నేనే కాపలా కూర్చున్నాను.

చోటు ఆపుకోవడం అంటే మనకు తెలియని విద్యా? అనంతపురం బస్టాండులో బస్సు ప్లాట్‌ఫారం మీదికి రాకముందే కిటికీలోంచి తువ్వాలు పడుతుంది. తువ్వాలు లేకపోతే చేతి సంచి, సంచి లేకపోతే చెప్పు. ఒకసారి ఒకాయన మూడేళ్ల మనవణ్ణే కిటికీలోంచి సీట్లోకి దించాడు. తువ్వాలు నాదంటే నాదని రెండు ఊళ్ల మధ్య మాటలు పెరిగితే, నేను బస్సు ఆపి తీర్పు చెప్పిన రోజులున్నాయి. కాబట్టి పద్ధతి అదే. ఇక్కడ వేసేది తువ్వాలు కాదు, లక్ష రూపాయల ఫోను.

ఇంత మంచివాళ్లా అని అడిగితే మా వాడు నవ్వాడు. "మంచితనం కొంత, కెమెరాలు కొంత. ఫోను ముట్టుకోరు గానీ సైకిల్‌కు తాళం వేయకపోతే మాత్రం పోతుంది నాయనా" అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. మరీ దేవతలైతే మనం మాట్లాడలేం.

ఇంకో మాట. ఇంత శుభ్రమైన ఊళ్లో రోడ్డు మీద చెత్తడబ్బాలు కనబడవు. కాగితం కప్పు చేత్తో పట్టుకుని చాలా దూరం నడిచాను. అలాంటి కప్పుతో సియోల్ బస్సెక్కనివ్వరు, 2018 నుంచి రూలు. చివరికి అది నా జేబులోనే సువాన్ చేరింది.

అక్టోబర్ 6, సోమవారం

చూసొక్. వాళ్ల ఎనిమిదో నెల పౌర్ణమి, మనకు ఆశ్వయుజ పౌర్ణమి. కొత్త పంటతో పెద్దలకు పెట్టుకునే పండగ.

కింది ఇంట్లో ఒక ముసలామె ఉంటుంది. మా వాడు ఆమెను హల్మొని అంటాడు, అంటే అవ్వ. పొద్దున్నే వచ్చి మమ్మల్ని రమ్మని పిలిచింది. పోయేసరికి పూజ అయిపోవచ్చింది. బల్ల మీద పండ్లు, చేప, పిండి అట్లు, వరసలు వరసలుగా. ఆమె కొడుకూ మనవళ్లూ నేల మీద మోకాళ్లు వంచి, నుదురు ఆనించి మొక్కారు. మా ఆవిడ ఒక మూలగా నిలబడి తనూ చేతులు జోడించింది. పెద్దల అమావాస్య నాడు మనం కొత్త బట్టలు, వండినవన్నీ పెట్టి మొక్కినట్టే ఉంది. ఎవరూ చెప్పకుండానే, పెట్టినవి దించేదాకా నోట్లో ఏమీ వేసుకోకూడదని మాకు అర్థమైంది.

తర్వాత సొంగ్‌ప్యొన్ పెట్టింది. బియ్యప్పిండిని అర్ధచంద్రంలా మడిచి, లోపల నువ్వులూ తేనె పెట్టి, పైన్ ఆకుల మీద ఆవిరికి ఉడికిస్తారు. రూపం కజ్జికాయ, రుచి కుడుము. ఆకుల వాసన మాత్రం దేనితోనూ పోల్చలేను.

ఇక ప్రశ్నలు. మొదటిది: "బాప్ మొగొస్సొయో?" అంటే అన్నం తిన్నారా. రెండోది: వయసెంత. మూడోది: ఎంతమంది పిల్లలు. నాలుగోది, మా వాణ్ణి చూపించి: పెళ్లెప్పుడు. మూడు రోజులుగా ఒక్కరు కూడా పలకరించని దేశంలో ఉన్నాననుకున్నాను. గడప లోపలికి వస్తే మా పెద్దపప్పూరు మేనత్త ఇంట్లో ఉన్నట్టుంది.

వయసు ప్రశ్న దగ్గర ఒక తిరకాసు. ఆమెకు రెండు వయసులట. కొరియాలో పుట్టగానే బిడ్డకు ఒక ఏడు లెక్క, ఆపైన ప్రతి కొత్త సంవత్సరానికీ అందరికీ ఒకేసారి ఇంకో ఏడు. 2023 జూన్‌లో ప్రభుత్వం కాగితాల మీద ఆ లెక్క తీసేసింది, ఇళ్లలో మాత్రం పోలేదు. ఇది చెప్పి, అర్థం కాదేమోనని ఆమె మా మొహాలు చూసింది. నాకెందుకు అర్థం కాదు! నాకూ రెండు వయసులే. బళ్లో అయ్యవారు వేసిన జూన్ 1 ఒకటి, మా అమ్మ చెప్పిన కరువు సంవత్సరం ఇంకొకటి. ఉద్యోగం దిగింది అయ్యవారి లెక్కన, మోకాళ్లు నొప్పి పెట్టేది అమ్మ లెక్కన. మా వాడు దీన్ని కొరియా భాషలోకి మార్చేసరికి ఆమె నేల మీద చెయ్యి కొట్టి నవ్వింది.

నా ఉద్యోగం ఏమిటని అడిగింది. బస్సులో టికెట్లిచ్చే పని అని మా వాడు చెప్పాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి చెప్పమంది. తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అన్నేయాంగ్" అంది. మా వాడికీ ఆ మాట తెలియదు. ఫోన్లో చూసి చెప్పాడు: బస్సు కండక్టరమ్మ.

పద్దెనిమిదేళ్లకు చుంగ్‌చొంగ్‌లోని పల్లె నుంచి సియోల్ వచ్చిందట. అప్పట్లో సిటీ బస్సుల కండక్టర్లందరూ ఆడపిల్లలే. పొద్దున రద్దీలో జనాన్ని తన ఒంటితోనే లోపలికి నెట్టి, తలుపు మూసుకోకపోతే రెండు చేతులతో కమ్మీలు పట్టుకుని వేలాడేదట. లేచి నిలబడి చేసి చూపించింది. బీరువా తలుపే బస్సు తలుపు. డెబ్బయ్యేళ్ల మనిషి రెండు చేతులు చాపి, వీపు వెనక నలభైమందిని ఆపుతూ నిలబడింది. ఆ నిలబడడం నాకు తెలుసు. నంబుల పూలకుంట జాతర స్పెషల్‌లో నేనూ అలాగే నిలబడ్డాను.

జీతం తమ్ముడి చదువుకు పోయేదట. రాత్రి డ్యూటీ దిగాక హాస్టల్లోకి పోయేముందు, టికెట్ డబ్బులు దాచారేమోనని ఒళ్లు తడిమి చూసేవాళ్లట. అది చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గలేదు. మనవరాలు మాత్రం ఫోను పక్కన పెట్టి అవ్వ వైపు చూసింది. ఆ పిల్లకు ఇదంతా మొదటిసారి వినడం అనుకుంటా. 1980ల చివరికల్లా ఆ ఉద్యోగమే లేకుండా పోయింది.

నేనూ చెప్పాను. కదిలే బస్సులో ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, తొడ మీద టికెట్ల లెక్క రాసే ఎస్‌ఆర్ కాగితం పెట్టుకుని స్టేజీ రాసుకోవడం. చెకింగ్ జీపు కనబడగానే తప్పు చేయకపోయినా గుండె దడదడలాడడం. చిల్లర లేక టికెట్ వెనక రాసివ్వడం, దిగేటప్పుడు వాళ్లూ మర్చిపోవడం నేనూ మర్చిపోవడం, రెండో రోజు ఆ టికెట్ పట్టుకుని ఇంటికొచ్చినవాళ్లు. ఆమె తలూపుతూనే ఉంది. మా వాడు తర్జుమా ఎక్కడ ఆపాడో నాకు తెలియదు. చివర్లో వాడు ఫోను చూసుకుంటున్నాడు, మేం మాట్లాడుకుంటున్నాం.

బస్సు కదలాలంటే ఏమనేవాళ్లు అని అడిగాను. ఆమె గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, గొంతెత్తి "ఓరాయ్!" అంది.

అది ఇంగ్లీషు ఆల్‌రైట్. నేను "రైట్ రైట్" అని ముప్పై ఏళ్లు అరిచింది అందులో సగం ముక్క. ఆ మాట చెప్పడానికి తర్జుమా అక్కర్లేకపోయింది.

రాత్రి మబ్బు. చందమామ కాసేపే కనబడింది.

అక్టోబర్ 7, మంగళవారం

ఎక్కడికీ పోలేదు. మా ఆవిడ సంగటి కెలికింది. హల్మొని ఇచ్చిన పళ్లెం ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని, రెండు ముద్దలూ చెనిక్కాయల పొడీ పెట్టి పంపింది. గంటకు పళ్లెం పియర్ పండ్లతో పైకొచ్చింది. సాయంత్రం నిమ్మకాయ అన్నంతో కిందికి పోయింది. రాత్రికి అట్లతో మళ్లీ పైకి. ఈ పళ్లెం మనం ఉన్నన్నాళ్లూ ఆగదు అన్నాను. చెనిక్కాయల పొడికి ఆమె దగ్గిందట, అయినా డబ్బా అడిగి తీసుకుంది. వాళ్ల కారంపొడికి రంగే గాని కారం తక్కువ, కొంచెం తీపి కూడా.

అక్టోబర్ 8, బుధవారం

హ్వాసొంగ్ కోట. ఊరు చుట్టూ 5.7 కిలోమీటర్ల గోడ. 1794లో మొదలుపెట్టి 1796కల్లా ముగించారు. రాజు పేరు జొంగ్‌జో. ఈయన తండ్రిని, యువరాజుగా ఉండగా, ఈయన తాతే బియ్యం పెట్టెలో పెట్టి మూయించాడు. ఆ తండ్రి 1762లో ఆ పెట్టెలోనే చనిపోయాడు. రాజయ్యాక ఈయన తండ్రి సమాధిని సువాన్ దగ్గరికి మార్పించి, ఇక్కడ ఈ కోట కట్టించాడు.

గుత్తి కోట ఎక్కినవాడికి ఈ గోడ ఎత్తు ఏమంత గొప్ప కాదు. నన్ను పట్టుకున్నది వేరే విషయం. కోట పనిలో ఎవరెవరు చేశారు, ఎన్ని రోజులు చేశారు అని పనివాళ్ల పేర్లతో సహా పుస్తకంలో రాసి పెట్టారట. కొరియా యుద్ధంలో చెడిపోయిన భాగాలను మళ్లీ కట్టింది ఆ పుస్తకం చూసే. రాయి కొట్టినవాడి హాజరు రెండు వందల ఏళ్లుగా చెరిగిపోలేదు. గుత్తి కోటకు రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

యునెస్కో 1997లో ఈ హ్వాసొంగ్ కోటను ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. గోడ మీద "ఐ లవ్" రాతలు ఒక్కటీ కనబడలేదు. నేను వెతికాను కూడా.

అక్టోబర్ 9, గురువారం

ఇవాళ వాళ్ల అక్షరాల పండగ, సెలవు. రాజు సెజొంగ్ 1446లో ప్రజలకు ఈ లిపి ఇచ్చాడు. వారం నుంచి బోర్డులు చూసి చూసి నాకూ నాలుగైదు అక్షరాలు పట్టుబడ్డాయి. గళ్లు అనుకున్నానే, ఒక్కో గడి మన గుణింతం లాంటిది. అచ్చు, హల్లు, కింద ఒత్తు. బస్సు మీద "సువాన్" అని కూడబలుక్కుని చదివినప్పుడు ఒకటో తరగతి పాసైనట్టు అనిపించింది.

మార్కెట్‌లో చిన్న హోటల్. మా వాడు వంట చేసే ఆమెను "ఈమో!" అని కేకేశాడు. ఈమో అంటే పిన్ని. ముక్కూ మొహం తెలియని ఆమెను పిన్నీ అని పిలిచి కూర వేయించుకోవడం నాకు బాగా నచ్చింది. నేను మాత్రం ఏం చేశాను, "అక్కా లోపలికి జరుగు, పెద్దమ్మా టికెట్ తీసుకో" అనే కదా బతికింది. కిమ్చీ, ముల్లంగి, ఆకుకూరలు చిన్న గిన్నెల్లో ముందే తెచ్చి పెట్టారు. అయిపోతే మళ్లీ పెట్టారు, డబ్బు లేదు. మంచినీళ్లు మాత్రం మనమే లేచి తెచ్చుకోవాలి.

పక్కనున్న పెద్దాయన కుతకుత ఉడికే పులుసు తాగి, చెమట తుడుచుకుంటూ "షివొనాదా" అన్నాడు. చల్లగా ఉంది అని అర్థమట. మా వాడికి అది పెద్ద వింత. మా ఆవిడకు కాలేదు. "వేడి సంగటి తిని కడుపు చల్లబడిందని మీ జేజి అనేది కాదూ?" అంది.

డబ్బు నేనే ఇచ్చాను. కుడిచేత్తో నోటు, ఎడమ చెయ్యి మోచేతి కింద. ఎర్రమంచి స్టేజీ కుర్రాడు నూరు నోటు ఇచ్చిన తీరు అదే. ఆమె రెండు చేతులతో చిల్లరిచ్చింది. లెక్క పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాను. బయటికొచ్చాక లెక్క పెట్టుకున్నాను.

అక్టోబర్ 10, శుక్రవారం

తిరుగు ప్రయాణం. మా ఆవిడ పళ్లెంలో మిగిలిన గోంగూర పెట్టి కిందికిచ్చింది. ఇక పైకి రాదులే అనుకున్నాం. హల్మొని బస్టాపు దాకా మాతో నడిచింది, చేతిలో అదే పళ్లెం, పైన గుడ్డ కట్టి. లోపల సొంగ్‌ప్యొన్. పళ్లెం కూడా మీకే అంది.

బస్సొచ్చింది. డ్రైవర్ పెట్టెలు సర్ది, చీటీలు చింపి ఇచ్చాడు. లోపల ఏడెనిమిది మంది, ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకుంటూ, చడీచప్పుడు లేదు. మా వాడు కిటికీ అవతల నిలబడి చెయ్యి ఊపుతున్నాడు, కళ్లు అటూ ఇటూ తిప్పుతున్నాడు. మా ఆవిడ కొంగుతో అద్దం తుడుస్తోంది, అద్దం శుభ్రంగానే ఉంది.

అంతలో బస్సు ఒంటి మీద ధన్ ధన్ అని రెండు దెబ్బలు పడ్డాయి.

"ఓరాయ్!"

డ్రైవర్ అద్దంలో చూశాడు. ఫోన్లలోంచి తలలు లేచాయి. నా గొంతు నన్ను అడగలేదు. "రైట్.. రైట్!" అని అరిచాను, వెనక సీటు దాకా వినబడేట్టు.

బస్సు కదల్లేదు. టైమ్ కాలేదట, ఇంకో నాలుగు నిమిషాలు అక్కడే నిలబడింది.